మూడో ప్లగ్గు గుంటలో పసుపు

మొన్న ఆదివారం పొద్దున మా పక్కింటాయన తన కారును వాకిట్లోకి తీసి బానెట్ ఎత్తి పెట్టాడు. ఇంజను నడుస్తోంది గానీ నిలకడ లేదు. మెట్టు తప్పినవాడిలా ఒకసారి తూలి మళ్ళీ అందుకుంటోంది. ఈ రోగానికి మా వైపు మెకానిక్కులు పెట్టిన పేరు మిస్సింగ్. నేను గోడ అవతలి నుంచి చూస్తుంటే ఆయన పెట్రోలు మూత తీసి, జేబులోని చేతిగుడ్డ అక్కడ అద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"పెట్రోల్లో ఏదో కలిపినారన్నా," అన్నాడు.

నాకు మా బావ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి గుర్తొస్తే మనసు మెత్తబడాలంటారు. నాకు మాత్రం నోరు చేదయింది.

నేను కదిరిలో వేరుశనగ మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. బడి చదువు పదితో ఆగింది. లెక్కలు ఎవరూ నేర్పలేదు, తూకాల మధ్య ఉండి ఉండి నాకే పట్టుబడ్డాయి. కార్ల సంగతీ అంతే. నా పాత కారుకు ఒకసారి మిస్సింగ్ వస్తే, షెడ్డువాడు ఊహ మీద ఒక్కో సామాను మార్చుకుంటూ పోయాడు. రోగం మాత్రం మారలేదు. అప్పుడు అగ్గిపెట్టెంత స్కానరు ఒకటి తెప్పించుకున్నాను. స్టీరింగు కింద సాకెట్లో దాన్ని గుచ్చితే ఏ సిలిండరు పని ఎగ్గొడుతోందో ఫోనులో కనిపిస్తుంది. ఆ తర్వాత నేను ఊహలు మానేశాను.

మా బావ ఊహలు మానే మనిషి కాడు. ఆయనకు అవి ఊహలని కూడా తెలియదు.

ఆయన మా అక్క మొగుడు. తనకల్లుకు దగ్గరి పల్లెలో పెద్దమనిషి. ఊరి పెద్దమనిషి అంటే ఓట్లతో వచ్చే పదవి కాదు. తగాదా వస్తే నలుగురూ ఎవరి దగ్గరికి పోతారో ఆయనే పెద్దమనిషి. టీ అంగడి ముందర ఆయనకొక కుర్చీ ఉండేది, వేరేవాళ్ళు అందులో కూర్చునేవాళ్ళు కాదు. రెండు పక్షాలూ చెప్పుకుంటుంటే ఆయన వాళ్ళ ముఖాలు చూడడు. తన కాళ్ళవైపు చూస్తూ, తువ్వాల కొస రెండు వేళ్ళ మధ్య నలుపుతూ ఉంటాడు. నలిపి నలిపి ఉన్నట్టుండి తువ్వాలను విసురుగా భుజమ్మీద వేసుకుంటాడు. అంతే, తీర్పు అయిపోయినట్టు. అవతలివాడు ఇంకా మాట్లాడబోతే, "నాకు తెల్సప్పా," అంటాడు. ఎంత చెప్పినా, ఏం చెప్పినా అదే మాట. వానల గురించి తెల్సు, ఒంట్లో నొప్పి ఎక్కడ పుడుతుందో తెల్సు, ఎదుటివాడి కడుపులో ఏముందో తెల్సు.

అంకెలంటే ఆయనకు పడేది కాదు. ఆయన లెక్కల్లో ఉన్నవి రెండే కొలతలు, శానా, రవ్వంత. ఈసారి కాయలు ఎన్ని మూటలయినాయి బావా అంటే "రవ్వంత" అనేవాడు. పంట ఊడ్చుకుపోయిన ఏడూ రవ్వంతే, దండిగా చేతికొచ్చిన ఏడూ రవ్వంతే. నేను కాటా మీద తూచి అంకె చెబితే ముఖం చిట్లించేవాడు.

"నీది అంగడి బుద్ధి బామ్మర్దీ. మనుషుల్ని తూచలేవు నువ్వు."

"మనుషుల్ని తూచేది నా పని కాదు బావా. కాయల్ని తూస్తా."

"అదే చెప్తాండా," అనేవాడు నవ్వుతూ. మంచి నవ్వు. ఆ నవ్వు చూసి మా అక్క అన్నేళ్ళు ఆయన్ను భరించిందని నా అనుమానం.

ఆయన తీర్పుల్లో ఒకదాన్ని నేను కళ్ళారా చూశాను. ఇద్దరు గొర్రెల కాపర్లు ఒక ఆడగొర్రె కోసం కొట్లాడుకొని వచ్చారు. బావ ఒకడి మాట విన్నాడు. రెండోవాడు నోరు తెరిచేలోపు తువ్వాల భుజం మీద పడింది. గొర్రె మొదటివాడిదయింది. ఆ సాయంత్రం మందలు ఊళ్ళోకి తిరిగొచ్చేటప్పుడు ఆ గొర్రె నేరుగా రెండోవాడి దొడ్లోకి పోయి నిలబడింది. మరుసటి సాయంత్రమూ అంతే. రెండోవాడు దాన్ని మెడ పట్టుకొని తీసుకుపోయి మొదటివాడి దొడ్లో వదిలొచ్చేవాడు. ఊరంతా అది చూసేది. తీర్పు తప్పేమో అని ఒక్కరూ అనలేదు. "యాలప్పా దీనికింత పొగరు," అని గొర్రెను తిట్టారు. బావ కూడా అరుగు మీద కూర్చొని చూసేవాడు. చూసి, తల తిప్పుకొనేవాడు.

చుట్టుపక్కల ఊళ్ళలో కూడా పంచాయితీలకు పిలవడం మొదలయ్యాక ఆయన పాత పెట్రోలు కారు ఒకటి కొన్నాడు. నడపడం నేర్చుకోలేదు. తనకల్లు నుంచి బాషా అనే డ్రైవరును పెట్టుకున్నాడు. బాషా సన్నటి మనిషి, మాట తక్కువ. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, బాడుగ ఇల్లు. చేతిలో ఉన్న విద్య స్టీరింగు ఒక్కటే. గుంతల దావలో కూడా వెనక కూర్చున్న ముసలివాళ్ళు నిద్రపోయేంత నిదానంగా నడిపేవాడు. ఆయిలు మార్చడం, గాలి చూడడం, తుడవడం అన్నీ అతనే. ఏడాదికి ఒక్క రోజు మాత్రం బావ అతన్ని బండి ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"పూజ పొద్దు బండి నాది, మిగతా దినాలన్నీ నీది," అనేవాడు.

ఆయుధ పూజకు బావ తన చేతులతో కారు కడుగుతాడు. బాషా ఆ పొద్దు సెలవు పెట్టి మడకశిరలో ఉన్న చెల్లెలింటికి పోతాడు. వచ్చాక ప్రసాదం, టెంకాయ చిప్పలు అతని కోసం విడిగా తీసిపెట్టి ఉంటాయి. అందులో ఎప్పుడూ లోపం రాలేదు.

బావ కారుకు మిస్సింగ్ వచ్చిన ఏడు వాన లేదు. బోర్లు దుమ్ము పోశాయి. ఊరికి ట్యాంకరు వచ్చేది, అక్క బిందెలు వరసలో పెట్టి పట్టిన నీళ్ళు తొట్టిలో దాచిపెట్టేది. బావ ఆ తొట్టిలో పైపు వేశాడు. చెట్లకు మందు కొట్టే స్ప్రేయరు తెచ్చి దానికి తగిలించాడు. కారు పైన కడిగితే చాలదని బానెట్ ఎత్తి, ఇంజను మీది ప్లాస్టిక్కు మూత ఊడదీసి, లోపలంతా కొట్టాడు. నేను పండగకు వెళ్ళి ఉన్నాను గనుక ఇదంతా చూశాను.

"తాగను నీళ్ళు లేకుంటే ఇంజనుకు తలస్నానమా?" అంది అక్క.

"ఏడాదికోసారి దానికీ మెయ్యి కడగొద్దా?"

"బావా, పైపు రవ్వ దూరం పట్టుకో," అన్నాను. "ఆ కాయిళ్ళ సందుల్లోకి నీళ్ళు పోతే మంచిది కాదు."

"నాకు తెల్సప్పా."

కడగడం అయ్యాక చెంబులో పసుపు నీళ్ళు కలిపి, వేపమండ ముంచి, ఇంజను మీద చల్లాడు. మండతో చల్లింది చాలలేదేమో, మిగిలిన నీళ్ళు చెంబుతోనే గుమ్మరించాడు. మూత బిగించాడు. కుంకం పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పక్కింటి పిల్లోడెవరో స్టీరింగు పట్టి నిమ్మకాయలు చితికేంత దూరం జరిపాడు. ఆ రాత్రికి బండిని అక్కడే వదిలేశారు.

మరుసటి రోజు బాషా వచ్చి బండి తీసుకొని తనకల్లుకు పోయి పెట్రోలు పట్టించుకొచ్చాడు. బావ ఎక్కాడు. ఆ పొద్దు పక్క మండలంలో పెద్ద పంచాయితీ, ఆయన కోసం జనం కూర్చొని ఉన్నారు. ఎత్తు దావ దగ్గర బండి ఎగిరెగిరి పడింది. డాష్‌బోర్డులో ఇంజను లైటు కొట్టుకోవడం మొదలైంది. లాగదు, పోదు. చివరికి పెద్దమనిషి కోళ్ళ గంపలున్న ఆటోలో ఇరుక్కొని పంచాయితీకి చేరాడు. ఎవరో నవ్వారట.

ఆ సాయంత్రం బండిని ఎలాగో ఊరికి చేర్చాక, టీ అంగడి ముందర ఆయన పెట్రోలు మూత తీసి చేతిగుడ్డ అద్ది వాసన చూశాడట. నలుగురికీ చూపించాడు. అందరూ వాసన చూసి తలలు ఊపారు. చేతిగుడ్డలో ఏ వాసన ఉందో నాకు తెలియదు. ఆ ఊళ్ళో ఆయన పట్టిన గుడ్డకు ఆయన చెప్పిన వాసనే ఉంటుంది.

"బాషా పెట్రోలు తీసి అమ్ముకొని కిరసనాయిలు కలిపినాడు," అన్నాడు. తువ్వాల భుజమ్మీద పడింది.

బాషా, "లేదు పెద్దయ్యా, పిల్లల మీద ఒట్టు," అన్నాడట. "నాకు తెల్సప్పా," అన్నాడట బావ. బాషా బండి తాళాలు టీ బల్ల మీద పెట్టి నడిచిపోయాడు.

నాకిది తెలిసింది బావ ఫోను చేసినప్పుడు. "నీ అగ్గిపెట్టె తీసుకొని రా బామ్మర్దీ. ఇంట్లోనే చూద్దువు గానీ," అన్నాడు. షెడ్డుకు పంపకుండా నన్ను పిలవడం కొత్త. నా స్కానరును ఆయన ఎప్పుడూ జోస్యం చిలక అని ఎగతాళి చేసేవాడు.

వెళ్ళాను. కారు కొట్టంలో వేరుశనగ మూటల పక్కన ఉంది. ముందు నాకు ఎలుకల మీదే అనుమానం పోయింది. కాయల కోసం వచ్చిన ఎలుకలు వైర్లు కొరకడం మా వైపు మామూలే. వైర్లు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా పంటిగాటు లేదు. స్కానరు గుచ్చి ఇంజను స్టార్టు చేశాను. బావ కుర్చీ వేయించుకొని ఎదురుగా కూర్చున్నాడు.

ఫోనులో నాలుగు సిలిండర్లకు నాలుగు అంకెలు, ఏది ఎన్నిసార్లు పని ఎగ్గొట్టిందో. ఒకటో దానికి సున్నా. రెండో దానికి సున్నా. నాలుగో దానికి సున్నా. మూడో దాని పక్క అంకె మాత్రం నేను చూస్తుండగానే పెరుగుతూ పోయింది.

"ఏమంటాది చిలక?"

"నలుగురు మోసే పల్లకి ఇది. మూడోవాడు భుజం దించేస్తాండాడు."

"పెట్రోలు చెడిపోతే అట్లే ఉంటాది."

"పెట్రోలు చెడిపోతే నలుగురికీ కాళ్ళు తడబడాల బావా. నలుగురూ తినేది ఒకే కుండలో కూడు. ముగ్గురికి అరిగి ఒక్కనికే కడుపు నొప్పి వస్తే, తప్పు కూటిది కాదు."

బావ తువ్వాల కొస నలుపుతున్నాడు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ప్లాస్టిక్కు మూత తీశాను. ప్రతి సిలిండరుకూ నిప్పు పుట్టించే ప్లగ్గు ఒకటి, దాని మీద కరెంటిచ్చే కాయిల్ టోపీలా కూర్చొని ఉంటుంది. మూడో దాన్ని ఊడదీశాను. దాని అడుగు తడిగా ఉంది. రబ్బరు చుట్టూ తెల్లటి ఉప్పు, మా నేల నీళ్ళు ఆరితే మిగిలే ఉప్పు. టార్చి వేసి ప్లగ్గు కూర్చునే గుంటలోకి చూశాను. అడుగున పసుపు ముద్దకట్టి ఉంది.

కాయిల్ మంచిదో కాదో తేల్చుకోవడానికి దాన్ని తుడిచి ఒకటో దాని చోట పెట్టాను, ఒకటో దాన్ని ఇక్కడ పెట్టాను. చెడ్డది కాయిలే అయితే రోగం దాంతోపాటు ఒకటికి పోవాలి. పోలేదు. అంకె మూడు దగ్గరే పెరిగింది. మూడో ప్లగ్గు విప్పాను. దాని తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత నల్లగీత. నిప్పు లోపలికి పోకుండా ఆ తడిదావన పక్కకు దూకి బయటే ఆరిపోతోంది. అంతే సంగతి. గుంట తుడిచి, కొత్త ప్లగ్గు బిగించి, ఎక్కడి కాయిల్ అక్కడ పెట్టి స్టార్టు చేస్తే నాలుగు సున్నాలు. ట్యాంకులో ఉన్నది అదే పెట్రోలు. బాషా పట్టించుకొచ్చిన పెట్రోలే.

కానీ గుంట తుడవకముందే బావను పిలిచాను.

"బావా, ఇది చూడు."

ఆయన లేచి వచ్చి వంగి చూశాడు. వేలు లోపలికి పెట్టి పసుపును గీకాడు. వేలికొనకు అంటినదాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మవారి పసుపు," అన్నాడు.

"అమ్మవారిదే. పోసింది నువ్వు."

"నాకు తెల్సప్పా."

ఆ మాట ఆయన నోట నేను ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను. అది నిజమైన సందర్భం ఇదే అని నాకు తట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఎప్పుడు తెల్సు?"

"బండి ఆగిపోయినాక, మరుసటి దినం. నేనే ఈ మూత ఎత్తి చూస్తి. లోపల తడి ఉండాది, పసుపు ఉండాది."

"అంటే బాషాను అన్నాక."

"అన్నాకనే. ముందే తెలిసింటే ఆ మాట అందునా? నేనేమన్నా పాపిష్టోన్నా?"

"అయితే ఇంకేం. పోదాం పా. అదే అంగడి కాడ, ఆ మనుషుల ముందరే చెప్పేసెయ్. నీళ్ళు నేనే పోసినా, పొరపాటయింది అను. ఒక్క మాట."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ కాళ్ళవైపు చూసే మనిషి, నా ముఖంలోకి చూశాడు.

"నీకు అంకెలు తెల్సు గానీ ఊరు తెలీదు బామ్మర్దీ. గట్టు కోసం అన్నదమ్ములు గొడ్డండ్లు తీసినారు, నా మాట మీద దించినారు. మొగునితో పడనని పుట్టింటికి పోయిన పిల్ల నా మాట మీద తిరిగొచ్చి ఇప్పుడు బిడ్డనెత్తుకొని తిరగతాంది. రేపు నేను పెట్రోలు సంగతి తప్పు అంటే, గట్టు సంగతి మాత్రం సరేనా అంటారు. గొడ్డండ్లు మళ్ళా లేస్తాయి. ఒక్క డ్రైవరు కోసరం అన్నీ తిరగదోడమంటావా?"

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అదే నా కోపం.

"ఆ ఒక్కని సంగతేంది మరి? తనకల్లులో వానికి స్టీరింగు ఇచ్చేవాళ్ళు లేరంట. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు."

"వానికి అన్నాయం జరగనీనులే." తువ్వాల భుజమ్మీద పడింది. "నువ్వు పోయి చెప్పు. క్షమించినానని చెప్పు. పనిలోకి రమ్మను."

"చేయని తప్పును క్షమించేదేంది బావా?"

"మాట మాట్లాడకుండా ఆ గుంట తుడువు. షెడ్డుకు తోలింటే నలుగురికీ తెలిసేది. నువ్వు ఇంటి మనిషివని పిలిస్తి."

అక్కడ అర్థమయింది నన్ను ఎందుకు పిలిచాడో. నా లెక్క ఆయనకు అక్కర్లేదు. నా నోరు అక్క వైపుది, ఇల్లు దాటి పోదు, అందుకని పిలిచాడు.

తనకల్లు బస్టాండు ఎదుట బాషా ఖాళీగా కూర్చొని ఉన్నాడు. గోడకానుకొని, ఎదురుగా పోతున్న బండ్లు చూస్తున్నాడు. నేను అంతా చెప్పాను. ఉప్పు, పసుపు, నల్లగీత, సున్నాలు. అతను ఓపిగ్గా విన్నాడు.

"సరేన్నా. నీకు తెల్సు, నాకు తెల్సు, ఆయనకూ తెల్సు. ఇప్పుడేం చెయ్యాలంట?"

చెప్పాను. తప్పు ఒప్పుకుంటే బావ క్షమిస్తాడని చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"ఒప్పుకుంటే పనిస్తాడా?"

"ఇస్తాడు."

"ఒప్పుకోకపోతే?"

నేను ఎదురుగా పోతున్న బండ్ల వైపు తిరిగాను.

"బాడుగింటి ఆయప్ప పొద్దున మా ఆడమనిషితో అన్న్యాడంట, కేసున్నోళ్ళకు ఇల్లు ఇయ్యనని. కేసు యాడుందన్నా? ఎవరు పెట్టినారు?" కొంచెంసేపు చేతులు రుద్దుకున్నాడు. "క్షమించినోని కాడ పని చేస్తాండానంటే నోర్లు మూతపడతాయి. వస్తాలే."

మరుసటి రోజు టీ అంగడి ముందర బాషా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "తప్పయింది పెద్దయ్యా," అన్నాడు. ఏ తప్పో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బావ కుర్చీలోంచి లేచి, అతని భుజమ్మీద చెయ్యి వేసి, తన గ్లాసు టీ అతనికి ఇచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. "ఏం మనసప్పా," అన్నారు. బాషా టీ తాగి గ్లాసు తనే కడిగి బల్ల మీద పెట్టాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను కూడా ఒకాయన తట్టి, "మీ బావ బంగారం," అన్నాడు.

ఆ తర్వాత బావ బాషాను బాగా చూసుకున్నాడు. ఆ మాట కూడా రాయాలి. పండక్కి బట్టలు పెట్టాడు, పిల్లకు కాలేజీలో సీటు కోసం తానే పోయి మాట్లాడాడు. దాంతోపాటే, కారులో ఎవరు కొత్తగా ఎక్కినా ఆ కథ చెప్పేవాడు. బాషా నడుపుతుంటే, పక్క సీట్లో కూర్చొని, అతని భుజం తడుతూ చెప్పేవాడు.

"వీడొకతూరి చెయ్యకూడని పని చేసినాడు. అయినా పెట్టుకున్న్యా. మనిషన్నాక తప్పు చెయ్యడా?"

ఎక్కినవాళ్ళు బాషా మెడవైపు చూసేవాళ్ళు. బాషా దావవైపు చూసేవాడు. చెప్పేకొద్దీ ఆ కథ బావకు ఎంత అలవాటయిందంటే, చివరి రోజుల్లో అది నిజమని ఆయనే నమ్ముతున్నాడేమో అనిపించేది. కాకపోతే, ఆ తర్వాత ఏ పూజకూ ఆయన ఇంజను మీద చుక్క నీరు పడనీయలేదు. మనిషి లోపల ఎక్కడో లెక్క సరిగ్గానే ఉంది. బయటికి చెప్పే అంకె వేరు.

ఒక పొద్దున పండ్లు తోముకుంటూ కొట్టం దగ్గర కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

దినాలయ్యాక కారు సంగతి వచ్చింది. అక్క వసారాలో కూర్చొని ఉంది. బావ తమ్ముడు, ఊరివాళ్ళు ముగ్గురు నలుగురు, నేను ఉన్నాం. బాషా గడప బయట నిలబడ్డాడు.

"బండి బాషాకిచ్చేద్దామనుకుంటాండా," అంది అక్క. "బాడుగలకు తిప్పుకుంటాడు. నాకు ఆస్పత్రికి పోయే పని పడితే తీసుకపోతాడు."

బావ తమ్ముడు నవ్వాడు. "పెట్రోలు అమ్ముకున్నోనికి బండి ఇస్తావా వదినా? ఆయనంటే మారాజు, క్షమించినాడు. మనమంతోళ్ళం కాదు."

ఇక నా వల్ల కాలేదు. చెప్పేశాను. స్ప్రేయరు, చెంబు, మూడో గుంటలో ముద్దకట్టిన పసుపు. పెట్రోలు మంచిదేనని, బావకు ఆ సంగతి తెల్సునని.

బావ తమ్ముడు, "రుజువుందా?" అన్నాడు.

నేను తూకానికి రుజువు చూపించే మనిషిని. కానీ గుంట తుడిచింది నేనే. కాలిన ప్లగ్గు పారేసింది నేనే. బండి బాగయ్యాక ఇంజను గుర్తుపెట్టుకున్న ఆ లోపం నంబరును స్కానరుతో చెరిపేస్తాం, అదే పద్ధతి, అది చెరిపిందీ నేనే. ఇంజను బాగు చేయడమంటే దాని మీది సాక్ష్యమంతా ఊడ్చేయడమే.

"ఆయన పోయినాక అంటాండావేంరా," అంది అక్క. గొంతు గట్టిగా లేదు. "ఆయన్ను అబద్ధాలోన్ని చెయ్యొద్దురా."

"అదంతా యాల," అన్నాడు బావ తమ్ముడు. "మనిషి ఈడనే ఉండాడు కదా. ఏం బాషా, చెయ్యకపోతే ఆ పొద్దు యాల ఒప్పుకుంటివి? అందరి ముందర చేతులు కట్టుకుంటివి కదా. చేసినావా, లేదా? ఒక్క మాట చెప్పు."

అందరూ బాషా వైపు తిరిగారు. అతను నావైపు చూడలేదు. అక్కవైపు చూశాడు. ఆమె బొట్టు లేని ముఖం, ఒళ్ళో పెట్టుకున్న చేతులు చూశాడు.

"చేసినా," అన్నాడు.

జేబులోంచి కారు తాళాలు తీసి గడప మీద పెట్టాడు. చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

నేను వెనకాలే పోయి బస్సు ఆగే చోట అతన్ని అందుకున్నాను.

"యాల బాషా? నేను చెప్పినాను కదా."

"చెప్పినావన్నా. మంచికే చెప్పినావు." అతని గొంతులో కోపం లేదు. "లేదు అంటే, ఆ పొద్దు అందరి ముందర అబద్ధం చెప్పినట్లే కదా. ఆ పొద్దు అబద్ధం చెప్పినోడు ఈ పొద్దు నిజం చెప్తాండాడని ఎవరు నమ్ముతారు? ఆయమ్మ ముందర ఆయన పేరు చెడిపి, నమ్మకమూ పోగొట్టుకొని, యాడికి పోదును?"

"వాళ్ళు నమ్మకపోతే పోనీ. నిజం నిజమే కదా."

"నీకు పనుంది కదన్నా," అన్నాడు. "ఎవరు నమ్మినా నమ్మకున్నా నీకు మిల్లు ఉంటాది."

దూరంగా కదిరి బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఊళ్ళోంచి కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. బావ తమ్ముడు తాళం తిప్పినట్టున్నాడు. గేరు వేయకుండా ఇంజనును కాసేపు ఊరికే నడవనిచ్చాడు. బాషా తల పక్కకు వంచి విన్నాడు.

"బాగుండాదన్నా," అన్నాడు. "నాలుగూ సమంగా పలుకుతాండాయి."

బస్సు ఆగింది. అతను ఎక్కాడు.